తంగేడుకు గంజి

ఆ తోటలో నాకు వచ్చిన ఇల్లు సముద్రం వైపు. మా యారాలికి వచ్చింది సరుగుడు చెట్ల వెనకాల. గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

యారాలు అంటే తోటికోడలు, మా ఆయన అన్నకు భార్య. నేను అక్కా అని పిలుస్తాను. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమె మీద నాకు కుళ్లు. ఆమె నన్ను ఒక్క మాట అన్నది లేదు, అదే నా బాధ. అన్నా బాగుండేది, తిరిగి రెండు అనేదాన్ని. ఆమె చారు కాస్తే మా ఆయన "వదిన చేతి చారు" అంటూ గిన్నె ఎత్తి తాగేవాడు. నేను కాస్తే "ఉప్పు సరిపోయింది" అనేవాడు. అది మెచ్చుకోలు అట.

సూరత్‌లో మేమంతా నవాగామ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన, బావ ఇద్దరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. మా గల్లీలో సగం గదులకు తాళాలు పడ్డాయి. దొరికిన రైలెక్కి జనం ఊళ్లకు పోతుంటే, సాంచాల శేఠ్ బావకు ఫోన్ చేశాడు. డుమస్‌లో సముద్రం ఒడ్డున తనకో తోట, అందులో బంగ్లా ఉన్నాయి, చూసుకునే మనిషి వెళ్లిపోయాడు, అన్నదమ్ములిద్దరూ వచ్చి ఉండండి అన్నాడు. గది ఉంచుకునే, మూటాముల్లె సర్దుకుని వెళ్లాం.

తోటలో పనివాళ్ల ఇళ్లు రెండు. ఒకటి గోడ దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. ఇంకొకటి లోపలికి, సరుగుడు వరుస చాటున. శేఠ్ తల్లి మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, "బడీ బహూ కౌన్?" అని అడిగింది. పెద్దకోడలు ముందుకు వచ్చింది. బంగ్లా తాళాల గుత్తి ఆమె చేతిలో పడింది, లోపలి ఇల్లు కూడా ఆమెకే పడింది. నాకు గాలి మిగిలింది.

ఆ గాలి సంగతి చెప్పాలి. మధ్యాహ్నం దాటగానే సముద్రం మీంచి లేచేది. తీగ మీద ఆరేసిన చీర సాయంత్రానికి ఎండేది కాదు, జిగటగా ఒంటికి అంటుకునేది. తలుపు గొళ్లెం నెలలోనే తుప్పు పట్టింది. కిటికీ చువ్వ మీద వేలు పెట్టి నాకితే ఉప్పు. బోరు నీళ్లు కూడా ఉప్పే, తాగడానికి ట్యాంకర్ రావలసిందే. ఇన్నిటి మధ్య చెట్లు ఎలా బతుకుతున్నాయా అని నాకు మొదట్లో వింతగా ఉండేది. చేసేందుకు వేరే పని లేదు గనుక, వాటినే చూస్తూ కూర్చునేదాన్ని.

చూడగా చూడగా ఒక్కో చెట్టు తెలివి తెలిసింది. సరుగుడుకు ఆకులే లేవు, దారపు పోగుల్లాంటి పుల్లలే. గాలిని ఆపదు, తన సందుల్లోంచి పోనిస్తుంది, పోయే గాలి చేతిలోని ఉప్పు మాత్రం లాక్కుంటుంది. బాదం, కానుగ ఆకులు నూనె రాసినట్టు మెరుస్తాయి, వాటి మీద ఏదీ నిలవదు. సముద్రపు పాయ దగ్గర బురదలో పెరిగే మడ చెట్టు మరీ గడుసుది. వేళ్లతో తాగిన ఉప్పును ఆకులోంచి బయటికి కక్కేస్తుంది. దాని ఆకు తిప్పి చూస్తే మెరుపు పొడి చల్లినట్టు ఉంటుంది.

వేప, చింత మాత్రం పాపం అమాయకపువి. గోడ పక్కన ఉన్న వేపచెట్టు మొత్తం ఊరివైపు వాలిపోయి ఉండేది. గాలి తోసి తోసి వంగిపోయిందనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే చెట్టు వంగనేలేదు. సముద్రం వైపు వేసిన చిగురల్లా ఉప్పుకు మాడి చచ్చిపోతే, ఇవతలి వైపు వేసినవి మాత్రమే బతికి కొమ్మలయ్యాయి. అలా ఏళ్లు గడిస్తే చెట్టు ఒకపక్కకే పెరిగిన మనిషిలా తయారయింది. నాకు ఆ చెట్టును చూస్తే సొంత తోబుట్టువును చూసినట్టే ఉండేది.

ఇక తంగేడు.

లాక్‌డౌన్‌కు ముందటి చలికాలంలో తెలంగాణలోని మా పుట్టింటి ఊరికి పోయినప్పుడు, మా అమ్మ తంగేడు గింజలు కొంగు ముడిలో కట్టి ఇచ్చింది. "గా సూరత్‌ల తంగేడు లేకుంట ఏం బతుకమ్మనే అది, ఉత్త బంతిపూల కుప్ప" అన్నది. నిజమే. తంగేడు లేని బతుకమ్మ అంటే పసుపు లేని పెళ్లి. సౌరాష్ట్ర వైపు దాన్ని ఆవళ్ అంటారని, పొదలు పొదలుగా ఉంటుందని చాలా తర్వాత తెలిసింది కానీ, మేం తిరిగే గల్లీల్లో ఎన్నడూ కళ్లబడలేదు. పండగకు ఊరి నుంచి బస్సులో ఎవరైనా సంచిలో తెస్తే, అవి కూడా దారిలోనే సగం వాడేవి. మా అమ్మ ఆ లాక్‌డౌన్‌లోనే పోయింది. నేను ఫోన్‌లో చూశాను. నెట్‌వర్క్ ఆగి ఆగి వచ్చింది, పాడె లేచింది కనిపించింది, వీధి మలుపు తిరిగింది కనిపించలేదు.

తొలకరికి ఆ గింజలు నానబెట్టి నాటాను. రెండు మొలిచాయి. ఒకటి నా గుమ్మం ముందు పెట్టుకున్నాను. రెండోది అక్కకు ఇచ్చాను. మంచితనమేం కాదు, మా పుట్టింటి గింజ ఆమె గుమ్మంలో ఉండాలని, దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు నేను గుర్తుకు రావాలని.

గుర్తుకు వచ్చింది నాకు, అదీ రోజూ. ఆమె మొక్క సరుగుడు చాటున తల్లి చాటు పిల్లలా పెరిగింది. చలికాలం పోయేసరికి ఆమె నడుం దాటింది. ఆకు లేతగా, నిగనిగలాడుతూ, కొమ్మలు నాలుగు వైపులా గుండ్రంగా. నాది మోకాలి దగ్గరే ఆగింది. సముద్రం వైపు చిగురు వేసిన ప్రతిసారీ కొస నల్లబడి రాలేది. మిగిలిన కొమ్మలన్నీ ఒకే వైపు సాగాయి. ఏ వైపు? లోపలి ఇంటి వైపు. ఆమె వాకిలి వైపు. నా చేతి నీళ్లు తాగి, నా గుమ్మంలో ఉండి, తల మాత్రం అక్కడికి చాపింది. నా మొగుడొక్కడే అనుకుంటే నా చెట్టు కూడానా అని కడుపు మండిపోయింది.

కాపలా కాశాను కూడా. అక్క ఏదో మందు వేస్తుందని, ట్యాంకర్ నీళ్లు దొంగతనంగా పోస్తుందని అనుమానం. తీరా చూస్తే ఆమె అంట్లు కడిగిన నీళ్లు తప్ప ఏమీ పోసేది కాదు. అది మరీ కాల్చింది. కష్టపడి గెలిస్తే ఒప్పుకోవచ్చు, ఊరికే గెలిచేవాళ్లను ఏం చేయాలి?

ఒకసారి ఆగలేక అనేశాను. "నీ చెట్టుకేం అక్కా, సర్వి చెట్ల సాటున కూసున్నది. గీడికొచ్చి నిలబడుమను, తెలుస్తది."

"అవును చెల్లె," అన్నది ఆమె, పొట్టు చెరుగుతూ. "జాగ మంచిది పడ్డది."

అంతే. వాదించను కూడా వాదించలేదు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో చెప్పండి.

రెండో ఏడు వేసవిలో కరోనా మళ్లీ విరుచుకుపడింది. నవాగామ్ నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆక్సిజన్ కబుర్లు, లేదా చావు కబుర్లు. అదే మే నెలలో తుఫాను వస్తోందన్నారు. పోలీసు జీపు ఒడ్డు వెంట తిరుగుతూ మైకులో చెప్పింది, సముద్రం పక్కన ఉన్నవాళ్లు లోపలికి వెళ్లిపోవాలని. మా ఇల్లు రేకుల ఇల్లు, మేం నవాగామ్ గదికి పోవాలి. బావ, అక్క మాత్రం బంగ్లా లోపలే ఉండొచ్చు, గట్టి స్లాబు. తాళాలు ఎవరి దగ్గర ఉంటే వాళ్లకే కదా గట్టి స్లాబు.

బయలుదేరే ముందు నా బాధంతా తంగేడు గురించే. అమ్మ చేతి గింజ, అప్పటికింకా ఒక్క పువ్వు పూయలేదు. మా ఆయన చెట్టు ముందు గొంతుకూర్చుని, గడ్డం గోక్కుని, ఒక ఉపాయం చెప్పాడు.

"గా కానుగాకు సూడు. మైనం రాసినట్టు లేదా? ఉప్పు నిలుస్తలేదు. మన తంగేడాకుకు గది లేదు. మనమే పెట్టాలె."

"ఏం పెడ్తవ్?"

"గంజి."

నవ్వకండి. వాళ్ల నాన్న చేనేత మనిషి. పడుగు దారాలకు గంజి పట్టించడం చూస్తూ పెరిగినవాడు మా ఆయన. గంజి పెట్టిన పోగు రాపిడికి తట్టుకుంటుంది, పీచు లేవదు, తెగదు. పోగుకు పనిచేసేది ఆకుకు ఎందుకు పనిచేయదు అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మేం సాంచాల మధ్య బతికినవాళ్లం, మా బుర్రకు లోకమంతా పడుగూ పేకే.

బియ్యం ఉడకబెట్టి చిక్కగా గంజి తీశాను. మా ఆయన వేపమండతో చిలకరించాడు. తంగేడాకులు చిన్నచిన్నవి, వాటి మధ్య సందుల్లోకి పోలేదని బట్ట ముంచి కొమ్మకొమ్మకూ పట్టించాను. "వదిన చెట్టుకు గూడ పెడ్తమా?" అని ఆయన లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"ఆమె చెట్టుకేం, సర్వి చెట్లున్నయి. మిగిలిన గంజి తాగు."

తాగాడు, ఉప్పేసుకుని.

నవాగామ్‌లో ఆ గాలి రేకులను ఊపింది, కరెంటు తీసింది, అంతకు మించి మాకేం తెలియలేదు. తిరిగి వెళ్లడానికి మాత్రం ఆలస్యమైంది. డుమస్ రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడ్డాయన్నారు. ఆ పైన మా ఆయనకు జ్వరం తగిలింది. అది కరోనా కాదని తేలేదాకా నేను గడప దాటలేదు. తంగేడు గురించి ఆలోచించలేదంటే అబద్ధం. ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూడా ఆలోచించాను.

తోటకు చేరేసరికి చెట్లన్నింటినీ ఎవరో ఒకవైపు నుంచి ఇస్త్రీ పెట్టెతో కాల్చినట్టు ఉంది. వేపకు సముద్రం వైపు సగం ఎర్రగా మాడింది, ఇవతలి సగం పచ్చగానే ఉంది. మామిడి కాయలన్నీ నేల మీద. బంగ్లా ముందు శేఠ్ ముచ్చటపడి పెట్టించిన అశోక వరుస మొదలంటా ఎండిపోయింది. బాదం తెలివైనది, పాడైన ఆకులన్నీ ఒక్కసారే రాల్చేసి అప్పుడే చిగురు వేస్తోంది. సరుగుడు వరుసలో మధ్య చెట్లు విరిగి పడి, పెద్ద సందు ఏర్పడింది. మిగిలినవి ఏమీ ఎరగనట్టు ఊగుతున్నాయి.

నా తంగేడు బతికి ఉంది. సముద్రం వైపు బోడిగా ఉన్నా, ఇవతలి కొమ్మల మీద ఆకులు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. గంజి మరక కూడా లేదు. పని చేసి, వానకు కొట్టుకుపోయిందనుకున్నాను.

అప్పుడు లోపలి ఇంటివైపు చూశాను. విరిగిన సరుగుడు సందుకు సూటిగా ఉంది ఆమె చెట్టు. నడుం ఎత్తు చెట్టు నిలబడినచోటే నల్లగా మాడిపోయి, ముట్టుకుంటే ఆకులు పొడిపొడిగా రాలుతున్నాయి. కాండం గీరి చూశాను, లోపల పచ్చి లేదు.

"అయ్యో అక్కా," అన్నాను. నోటితోనే అన్నాను. కడుపులో మాత్రం బ్యాండు మేళం మోగింది. దాచుకోవడం ఎందుకు, అంత సంతోషం నా పెళ్లినాడు కూడా పడలేదు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నీది మంచిగున్నది గదా" అన్నది. ఆ చేతులు పగిలి, వేళ్ల సందుల్లో పుండ్లు పడి ఉన్నాయి. ఉప్పు నీళ్ల పనేమో అనుకున్నాను. ఆ సంతోషంలో అడగలేదు.

వర్షాకాలమంతా నా చెట్టు చిగురు మీద చిగురు వేసింది. బతుకమ్మ నెలకు పూసింది. పసుపుపచ్చటి పూలు, గుత్తులు గుత్తులు. మోకాలెత్తు చెట్టు కాస్తా తొడ దాటింది. నేను ఫోటో తీసి నవాగామ్, భేస్తాన్ బస్తీల్లోని మన ఆడవాళ్లందరికీ పంపాను. రాకపోకలు ఇంకా సరిగా లేవు, ఊరి నుంచి ఎవరికీ తంగేడు రాలేదు. చివరి రోజు సద్దుల బతుకమ్మకు అందరూ మా తోటకే వస్తామన్నారు. శేఠ్ తల్లిని అడిగి ఒప్పించింది అక్కే, అది వేరే సంగతి. వచ్చేది నా వాకిట్లోకి, నా చెట్టు కోసం. నాకది చాలు.

ఆ రోజు ఆటోల్లో దిగారు, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, పట్టుచీరల్లో. తాంబాళాల్లో బంతి, చామంతి, గునుగు బదులు ఏవేవో గడ్డిపూలు. అందరూ నా ముందు చెయ్యి చాపారు, నేను తలా కొన్ని తంగేడు పూలు పెట్టాను. ఇంత గొప్ప నాకు మళ్లీ రాదని తెలుసు, అందుకే ఆ చెట్టు దగ్గరే నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"నీడల పెరిగిన చెట్టు నిలవదమ్మా. నా చెట్టు రోజు ఉప్పు గాలి తిన్నది, గట్టిపడ్డది. దానికి తోడు తుఫాన్ ముంగట మేం గంజి పెట్టినం. పడుగుకు పెట్టినట్టు. గంజి మీద ఉప్పు జారిపోయింది."

భేస్తాన్ నుంచి వచ్చిన ఆమె నోరు తెరిచింది. "గట్లనా! మా మల్లెచెట్టుకు గూడ పెడ్త అయితే."

బావ అటువైపు కుర్చీలు మోసుకుపోతున్నాడు. కుర్చీలు దించి, నవ్వు ఆపుకోలేక అనేశాడు.

"వద్దు తల్లీ, గంజి మాత్రం పెట్టకు, చెట్టు సస్తది. వాన ముందే కొట్టి పోయింది, ఎనుక ఒట్టి గాలి, ఉప్పుగాలి ఆగకుంట కొట్టింది. గా గంజిల ఉప్పు అతుక్కొని, ఆకులన్ని చెక్కలు కట్టినయ్. మా ఆమె కూసొని ఒక్కొక్క ఆకు కడిగింది. ట్యాంకర్ లేదు, తొవ్వ బందు. ఉన్నది ఒక్క డ్రమ్ము మంచినీళ్లు. మేం బోరు నీళ్లతోని చాయ్ తాగినం. ఉప్పు చాయ్ తాగినవా ఎప్పుడన్న?"

"నీకు మోయనీకి కుర్చీలు లేవా?" అన్నది అక్క, పూల నుంచి తలెత్తకుండా.

ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె వేళ్ల సందుల్లో పుండ్లు కళ్ల ముందు కదిలాయి. అంతలోనే ఇంకోటి తట్టింది. ఒక్క డ్రమ్మే ఉంటే, ఆమె చెట్టు? అది కూడా మా అమ్మ గింజే. పది చెంబులు దాని మీద పోసి ఉన్నా బతికేదేమో. నాకు కృతజ్ఞత రావాలి. రాలేదు. ఒళ్లంతా మంట వచ్చింది. నాకు మిగిలిన ఒక్క గెలుపు కూడా ఆమె పెట్టిన భిక్షేనా? ఏడాదంతా ఏడ్చి ఏడ్చి సంపాదించుకున్నది, ఆమె చెంబుతో నీళ్లు పోసి ఇచ్చిందా?

తాంబాళం పక్కన పెట్టి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె బతుకమ్మ పేరుస్తోంది. అడుగు వరుసకు నేనిచ్చిన తంగేడు పూలు, నాలుగే, పొదుపుగా.

"నీ చెట్టుకు ఎందుకు పొయ్యలే?" అని అడిగాను. గొంతు తగువులాటకు వచ్చినట్టే వచ్చింది. "నా చెట్టుకెందుకు పోసినవ్?"

ఆమె ఒక పువ్వు కాడ తుంచి వరుసలో గుచ్చి, సరిచూసుకుని, అప్పుడు నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి కూడా లేదు. లెక్క తెలిసిన మనిషి చూపు.

"నా చెట్టు సస్తే నేను ఊకుంట చెల్లె," అన్నది. "నీ చెట్టు సస్తే నువ్వు ఊకుంటవా?"